ఆస్టిన్ కారు వంశవృక్షం

పాత కార్ల యజమానుల రిజిస్టర్లను చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. తుప్పు పట్టిన డబ్బాకు పుట్టుపూర్వోత్తరాలు రాసి, నంబరిచ్చి, ఏటా పుస్తకం అచ్చువేయడం పనిలేనివాళ్ళ పని అంటారు. అలా అనేవాళ్ళ తెలివిని ప్రశ్నించడం మర్యాద కాదు. అందుకని ప్రశ్నించకుండానే తేల్చి చెప్పవలసి వస్తోంది: మానవజాతి చేసిన మంచి పనుల్లో, కాలువలూ టీకాలూ అటుంచితే, ఈ రిజిస్టరును మించినది లేదు.

నమ్మకపోతే బస్తర్ దక్షిణపు కొసన ఉన్న కొంటా దాకా రండి. శబరి ఒడ్డున, హైవే పక్కన, శ్రీరంగం సేటు దుకాణం ఎక్కడని అడిగితే నాలుగు భాషల్లో దారి చెబుతారు.

ముందు కిరాణా, వెనక చింతపండూ ఇప్పపువ్వూ నింపిన గోదాము, ఆ పక్కన రేకుల కొట్టం. ఆ కొట్టంలో ఒక ఆస్టిన్ ఎ-40. బస్తర్ సంస్థానం దేశంలో విలీనమైన మరుసటేడు, 1949లో, శ్రీరంగం తండ్రి పుల్లయ్య దాన్ని బెజవాడలో కొన్నాడు. అప్పటికి భద్రాచలం దగ్గర గోదావరికి వంతెన లేదు. రెండు పడవలు జోడించి కట్టి, పైన పలకలు పరిచి, వాటి మీద కారును నిలబెట్టి ఏరు దాటించారు. మలుపు వచ్చినప్పుడల్లా దాని పక్కటెముకల్లోంచి నారింజ రంగు రెక్క ఒకటి టక్కున లేచేది. కారు ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి కాదు గాని, ఆ రెక్క చూడడానికి పిల్లలూ పెద్దలూ మలుపుల దగ్గర కాచుకుని ఉండేవారు.

1986 తర్వాత అది కదల్లేదు. వెనక సీటు కోళ్ళ పాలైంది. గాలివానకు కొట్టం రేకులు సగం లేచిపోవడంతో ముందు భాగం మీద ఎండ బాగా పడేది. శ్రీరంగం భార్య సావిత్రి ఆ బానెట్ మీద మిరపకాయలు ఎండబెట్టేది.

"పాత ఇనుము కబాడీ వాళ్ళకు ఇచ్చెయ్యండి. కోళ్ళ గూటికి ఇంత జాగా ఎందుకు?" అని ఆమె ఏటా వానాకాలం ముందు ఒకసారి అడిగేది. శ్రీరంగం ఏటా వానాకాలం ముందు ఒకసారి చెవుడు నటించేవాడు.

దాన్ని ఇంకా కారు అనుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతని పేరు జోగ. దుకాణం టెంపో నడుపుతాడు. యాభై దాటినవాడు. ఆదివారం ఆదివారం తడిగుడ్డ పట్టుకుని వెళ్ళి, కోళ్ళను అదిలించి, ఆస్టిన్‌ను తుడిచి వచ్చేవాడు. ఎందుకంటే అతని తండ్రి మాడ ఆ కారుకు తొలి డ్రైవరు. గొల్లపల్లి వైపు నుంచి వచ్చిన దొర్ల తెగ మనిషి. పుల్లయ్యను జగర్గుండా సంత దాకా ఆ కారులో తీసుకెళ్ళేవాడు. ఏళ్ళుగా బస్సు కూడా పోని ఆ దారిన ఒకప్పుడు కారు పోయేదంటే ఇప్పటి పిల్లలు మర్యాదకు తల ఊపుతారు, అంతే.

ఇదీ రిజిస్టరుకు ముందరి చీకటి యుగం. ఇక వెలుగు ఎలా వచ్చిందో వినండి.

శ్రీరంగం కంటి ఆపరేషన్‌కు నాగపూర్ వెళ్ళాడు. పక్క మంచం మీద ఖాన్‌ఖోజే అనే డెబ్భై ఏళ్ళ మనిషి. రైల్వేలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరికీ తలా ఒక కంటికి గంత. ఊసుపోక మాట్లాడుకుంటూ, మా ఇంట్లో పాత ఆస్టిన్ ఉందని శ్రీరంగం అన్నాడు. ఖాన్‌ఖోజే దిగ్గున లేచి కూర్చున్నాడు. నర్సు వచ్చి మళ్ళీ పడుకోబెట్టింది.

"చాసిస్ నంబరెంత?" అని పడుకునే అడిగాడు హిందీలో.

"తెలియదు" అన్నాడు శ్రీరంగం.

"మీ నాన్నగారు పుట్టిన తేదీ తెలియదన్నా క్షమించేవాణ్ణి. చాసిస్ నంబరు తెలియకుండా ఇన్నేళ్ళు ఎలా బతికారు, శ్రీరంగం జీ?"

దేశంలో మిగిలిన పాత ఆస్టిన్‌ల యజమానుల రిజిస్టరును నడిపేది ఆయనే. అప్పటికి నూట అరవై ఏడు కార్లు చేరాయి. ప్రతి కారుకూ ఒక పేజీ. ఎక్కడ పుట్టింది, ఎవరు కొన్నారు, ఎవరు నడిపారు, ఏ రంగు మీద ఏ రంగు వేశారు, ఎన్నిసార్లు గుద్దుకుంది, ఎండావానల్లో ఎక్కడ తలదాచుకుంది. ఆఖరి గడి: జీవించి ఉందా, లేదా?

శ్రీరంగం నాలుగు పేజీల ఫారం పట్టుకుని ఇంటికొచ్చాడు. జోగ చింతపండు గుజ్జుతో ఇత్తడి పలక తోమితే, ఇరవై ఆరేళ్ళ మట్టి కింద నుంచి చాసిస్ నంబరు తళుక్కుమంది. తండ్రి ఇనప్పెట్టెలో ఎర్రగుడ్డలో చుట్టి ఉన్న కారు కాగితాల కట్టను, అన్నీ ఇంగ్లీషువే గనక విప్పి చదివే ప్రయత్నం చేయకుండా, అలాగే రిజిస్టర్డ్ పోస్టులో నాగపూర్ పంపేశాడు. 'జీవించి ఉందా' అన్న గడిలో చాలాసేపు ఆలోచించి 'నిద్రలో ఉంది' అని రాశాడు.

"మన పిల్ల సంబంధానికి కూడా ఇన్ని వివరాలు అడగలే" అంది సావిత్రి.

వారం తిరక్కుండా ఆస్టిన్‌కు నూట అరవై ఎనిమిదో నంబరు వచ్చింది. మనుషులకు ఏ కాగితమైనా వారంలో రావడం మీరు ఎక్కడైనా చూశారా?

అంతటితో ఆగలేదు. కోయంబత్తూరు నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశాడు. ఆయన కారు నంబరుకూ దీని నంబరుకూ తేడా పదకొండు. రెండూ ఒకే వారంలో ఒకే షెడ్డులో పుట్టి ఉండాలి గనక అవి అన్నదమ్ములు. తమ్ముడి ఆరోగ్యం ఎలా ఉందో తెలపగలరు అని. అప్పటి నుంచి నెలకో ఉత్తరం. శ్రీరంగానికి సొంత తమ్ముడు రామలింగం జగ్దల్‌పూర్‌లో ఉన్నాడు. పంపకాల్లో ఒక గోడ దగ్గర మాట పెరిగి, మాటలు ఆగి తొమ్మిదేళ్ళయింది. ఆ తమ్ముడి ఆరోగ్యం గురించి ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. కార్ల అన్నదమ్ములు మాత్రం దసరాకు శుభాకాంక్షలు చెప్పుకున్నారు.

ఆ తర్వాత కొల్హాపూర్ నుంచి ఒక చిన్న పార్సిల్. అందులో కార్బురేటర్‌లో తేలే ఇత్తడి బుడ్డి, పాత గుడ్డలో చుట్టి ఉంది. 'రిజిస్టరులో మీ కారు నిద్రలో ఉందని చదివాను. నిద్ర లేపడానికి పనికొస్తుందేమో. ఊరికే ఉంచుకోండి' అని ఒక చీటీ. ముక్కూ మొహం తెలియని మనిషి. శ్రీరంగం ఆ బుడ్డిని మూడు రోజులు గల్లా మీద పెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ చూపించాడు.

ఇలా కారు బాగోగులు వర్ధిల్లుతున్న రోజుల్లో జోగ కూతురు ఆయతి పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. జగ్దల్‌పూర్‌లో నర్సింగ్ చదువుకు ఎంపిక జాబితాలో పేరొచ్చింది. కౌన్సెలింగ్‌కు మూడు వారాల గడువు. కావలసిందల్లా జాతి ప్రమాణపత్రం. దానికి కావలసిందల్లా, తాతముత్తాతలు 1950కి ముందు నుంచి ఇక్కడివాళ్ళేననీ, ఫలానా జాతివాళ్ళేననీ చూపే పాత సర్కారీ కాగితం.

జోగ తహసీలు కచేరీకి వెళ్ళాడు. ఏ ఊరి కచేరీ అన్నది ఇక్కడ అనవసరం. తిరిగొచ్చి గోదాము మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమన్నరు?" అని అడిగాడు శ్రీరంగం.

"ఆడ గుమాస్తా బాబు మా మేనత్త ఊరోడే, సేటు. మంచోడు. కూసోమన్నడు, చాయ తెప్పిచ్చిండు. నువ్వు దొర్లోడివని రుజువేందని మా దొర్లీ భాషలనే అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"లేదని నేనూ దొర్లీలనే చెప్పిన."

భూమి పట్టా ఉందా అంటే లేదు; మాడ దున్నింది అడవి పక్క జాగా. బడి రిజిస్టరు ఉందా అంటే, మాడ బడి ముఖం చూడలేదు. చూద్దామన్నా ఆ రోజుల్లో ఆ వైపు బడి లేదు. గ్రామసభ తీర్మానం తెచ్చినా చూస్తామన్నారు. కాని గొల్లపల్లి అవతల వాళ్ళ గూడెంలో, పారా అంటారక్కడ, అడవి గొడవలకు ఇళ్ళు ఖాళీ అయి ఆరేళ్ళు దాటింది. కొందరు చింతూరు వైపు పోయారు, కొందరు భద్రాచలం అడవుల్లోకి. సభ పెడితే వచ్చి కూర్చోవడానికి ఇప్పచెట్లు తప్ప ఎవరూ లేరు.

"కాగితాలు పుట్టకముందు నుంచి ఉన్నోళ్ళం, సేటు" అన్నాడు జోగ. "అదే తప్పయింది."

శ్రీరంగం మనసు పాడైంది. తనే వెళ్ళి చెబితే వింటారేమోనని మర్నాడు వెళ్ళాడు. ఈ మనిషిని నలభై ఏళ్ళుగా ఎరుగుదును, వీళ్ళ నాన్ననూ ఎరుగుదును, నా మాట చాలదా అన్నాడు. మీ మాట మాకు వేదం సేటు గారూ, కాని వేదం జత చేయడానికి గడి లేదు, అన్నారు వాళ్ళు. వాళ్ళ తప్పేముంది, రూలు అలా ఉంది.

మరో ఐదు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయతి దుకాణంలో బల్ల మీద కూర్చుని ఉంది. పటవారీ దగ్గరికి వెళ్ళిన తండ్రి కోసం ఎదురుచూస్తోంది. ఆ రోజే నాగపూర్ నుంచి రిజిస్టరు కొత్త పుస్తకం వచ్చింది. శ్రీరంగం దాన్ని మురిపెంగా ఆమె చేతికిచ్చాడు. "మన బండి నూట అరవై ఎనిమిదో పేజీల ఉందంట, చూడు. ఇంగ్లీషు నీకొచ్చు గదా, చదివి చెప్పు."

ఆయతి చదవడం మొదలుపెట్టింది. పుట్టిన షెడ్డు, రంగు, బెజవాడ, పుల్లయ్య, పడవల మీద కారు ఫొటో. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఆగినవేంది?" అన్నాడు శ్రీరంగం.

"ఈడ ఒక లైసెన్సు అచ్చేసిన్రు, సేటు తాతా. మాడ, తండ్రి ఇర్మా. జాతి దొర్ల. మౌజా గొల్లపల్లి. డిసెంబర్, నలభై తొమ్మిది. సర్కారు ముద్ర ఉంది."

శ్రీరంగం కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ఎర్రగుడ్డలో చుట్టిన కట్టలో ఉన్న కాగితమే. తను విప్పని కాగితం. ఖాన్‌ఖోజే విప్పి, శుభ్రంగా ఫొటో తీసి, 'తొలి డ్రైవరు' అన్న గడి కింద వేశాడు.

అప్పుడే జోగ వచ్చాడు. పటవారీ దగ్గరా ఏమీ దొరకలేదని అతని నడకలోనే తెలిసింది. ఆయతి పుస్తకం తిప్పి అతని ముందు పెట్టింది. అతను చదువుకున్నవాడు కాదు. ఫొటో కింద నల్లటి వేలిముద్ర ఉంటే, అదేమిటని అడిగాడు.

"తాతది, అయ్యా."

జోగ పుస్తకాన్ని దగ్గరకు లాక్కున్నాడు. తండ్రికి ఒక్క ఫొటో కూడా లేదు. చెయ్యి అంగీకి తుడుచుకుని, తన బొటనవేలు ఆ ముద్ర మీద ఆనించి చూశాడు. చాలాసేపు తీయలేదు.

శ్రీరంగం అటు తిరిగి డబ్బాలు సర్దినట్టు నటించాడు. తన కారు ఏ దేశంలో, ఏ షెడ్డులో పుట్టిందో, దాని అన్న కోయంబత్తూరులో ఏ వీధిలో ఉంటుందో అతను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. నలభై ఏళ్ళుగా ఎదుట తిరుగుతున్న మనిషి తాత పేరు ఇర్మా అని మాత్రం, అచ్చుపుస్తకంలో చూసేదాకా తెలియదు. చూశారా, రిజిస్టరు లేకపోతే మనుషుల గురించి మనకు ఎప్పటికి తెలిసేది?

పుస్తకం తీసుకుని ముగ్గురూ కచేరీకి వెళ్ళారు. ఈసారి పెద్ద సాహెబే చూశాడు. ఆసక్తిగా చూశాడు. "ఇది కార్ల క్లబ్బు పుస్తకం కదా. దీన్ని నేను జాతికి ఆధారంగా తీసుకుంటే నా ఉద్యోగం కార్ల క్లబ్బులోనే చూసుకోవాలి. అసలు కాగితం తెండి, సంతకం పెడతాను" అన్నాడు. గడువు ఇంక తొమ్మిది రోజులు.

శ్రీరంగం నాగపూర్‌కు ఫోన్ చేశాడు. సంగతంతా విని ఖాన్‌ఖోజే గొంతు సవరించుకున్నాడు.

"తప్పకుండా ఇస్తాను. కాని తొమ్మిదో నియమం ఒకటుంది. అసలు కాగితాలు జీవించి ఉన్న కారు పక్కనే తిరిగి ఇవ్వాలి. చచ్చిన కారు కాగితాలు పట్టుకుని ఎంతమంది ఎన్ని మోసాలు చేశారో మీకు తెలియదు. నియమం రాసింది నేనే. నేనే తప్పితే ఎలా? మీరు కారును లేపండి. నేను కాగితం పట్టుకుని స్వయంగా వస్తాను."

ఒక రూలు దగ్గర్నుంచి తప్పించుకుందామని పరుగెత్తితే ఇంకో రూలు గుమ్మంలో నిలబడి ఉంది. శ్రీరంగం ఫోన్ పెట్టేసి జోగ వైపు చూశాడు.

"లేస్తదా?"

"లేపుత" అన్నాడు జోగ.

కోళ్ళను ఖాళీ చేయించారు. మిరపకాయలు దించారు. జోగ నాలుగు రోజులు కొట్టంలోంచి బయటికి రాలేదు. పెట్రోలు గొట్టం విప్పితే కందిరీగల గూడు వచ్చింది. కొల్హాపూర్ బుడ్డి అమిరింది. టెంపో బ్యాటరీ పెట్టారు. పాత జీపు టైర్లు తెస్తే, మరీ కచ్చితంగా అడక్కపోతే, సరిపోయాయి. కారును కబాడీకి ఇవ్వమని ఇరవయ్యేళ్ళు అడిగిన సావిత్రి నాలుగు రోజులూ కొట్టం గుమ్మంలోకే అన్నం తెచ్చి పెట్టింది. చివరి రోజు ఆమే సబ్బునీళ్ళతో సీట్లు కడిగింది. ఒక మూల రెండు గుడ్లు దొరికితే కొంగులో వేసుకుంది.

సంత రోజు పొద్దున ఖాన్‌ఖోజే భద్రాచలం బస్సు దిగాడు. నాగపూర్ నుంచి వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులు. రేకు డబ్బా ఒకటి బెల్టుతో రొమ్ముకు కట్టుకుని ఉన్నాడు. చాయ కూడా తాగకుండా నేరుగా కొట్టంలోకి వెళ్ళి, టోపీ తీసి, కారు ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత ఫారం తీసి, కలం మూత విప్పి, 'జీవించి ఉంది' అన్న గడి మీద పెట్టి వేచి చూశాడు.

జోగ హ్యాండిల్ తిప్పాడు. దగ్గింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దగ్గింది. పదిసార్లయింది. అతని అంగీ వీపుకు అతుక్కుపోయింది. ఆయతి గోడ పట్టుకుని నిలబడి ఉంది. కలం గడి మీంచి కొద్దిగా పైకి లేచింది.

"తోద్దాం" అన్నాడు జోగ.

కారును రోడ్డు మీదికి తెచ్చారు. సంత జనం. అడగకుండానే ఒకరూ ఇద్దరూ వచ్చి చెయ్యి వేశారు. తర్వాత పదిమందయ్యారు. వెదురుబుట్టలో ఇప్పపువ్వు తెచ్చిన బుల్లమ్మ అనే డెబ్భై ఏళ్ళ ముసలమ్మ కూడా బుట్ట దించి వచ్చింది.

"అంచుల పట్టి తొయ్యకున్రి" అంది వెనక నిలబడి. "నడుమల తొయ్యాలె దీన్ని. లేకుంటే ఎడమకు పోతది."

అందరూ నడుమకు జరిగారు. కారు నిజంగానే తిన్నగా కదిలింది. దుకాణాలు దాటింది, బస్టాండు దాటింది, శబరి వైపు దిగే పల్లంలో ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని, ఫటఫటమని, నల్లటి పొగ వదిలి, తోసేవాళ్ళను వదిలి ముందుకు పోయింది. మలుపు దగ్గర జోగ మీట నొక్కాడు. నారింజ రెక్క లేచింది. సంత సంతంతా నవ్వింది.

ఖాన్‌ఖోజే గడిలో టిక్కు పెట్టాడు. అది గడి దాటి కాస్త పెద్దదే అయింది. డబ్బా తెరిచి, మాడ లైసెన్సు తీసి, శ్రీరంగం చేత మూడు ప్రతుల మీద సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు.

అదే కారులో కచేరీకి వెళ్ళారు. శబ్దం విని సాహెబ్ బయటికొచ్చాడు. నిజం చెప్పాలంటే ఆయన మంచివాడే. స్టీరింగు దగ్గర కూర్చుని ఫొటో దిగాడు, రెక్కను నాలుగుసార్లు లేపించాడు, ఆ తర్వాత లైసెన్సును భూతద్దంతో చూసి, మాట ప్రకారం సంతకం పెట్టాడు. ప్రమాణపత్రం నకలుతో పాటు ఫైల్లో ఒక వాక్యం రాసుకున్నారు: ఆధారం, మోటారు వాహనపు పాత కాగితం. అంటే ఇర్మా మనవడు జోగ, జోగ కూతురు ఆయతి దొర్ల జాతివాళ్ళేనని ఇప్పుడు కారు సాక్ష్యం చెప్పింది. వాళ్ళు చెబితే ఎవరు నమ్మారు గనక?

ఆయతికి సీటు వచ్చింది. బస్సెక్కుతూ శ్రీరంగంతో అంది: "ఏ కోటాల వచ్చినవని కాలేజీల అడుగుతరు, తాతా."

"అడిగితే?"

"ఆస్టిన్ కోటా అని చెప్త."

శ్రీరంగం నవ్వాడు. జోగ బస్సు కనబడకుండా పోయేదాకా నవ్వలేదు, తర్వాత నవ్వాడు.

ఇక్కడితో కథ ఆపితే రిజిస్టరు మహిమకు తిరుగులేదని మీరూ ఒప్పుకుంటారు. కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

వారం తర్వాత సంతకు బుల్లమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి బుట్ట లేదు, పక్కన మనవడి పాత స్కూలు సంచీ ఉంది. అందులో ఆ పిల్లవాడి మార్కుల కాగితాలు. అతనికీ అదే ప్రమాణపత్రం కావాలి. అతనికీ 1950 లోపు కాగితం లేదు.

"సేటు, మా అయ్య, పేరు కోస, ఈ బండిని తోసిండు" అంది. "నువ్వప్పటికి పుట్టలే. శబరి ఇసుకల దిగబడితే మా పారా అంత వచ్చి తోసిన్రు. ఎల్లిపాయె అనుకుంటె మళ్ళ దిగబడె. పొద్దు గూకే దాక తోసిన్రు. మీ నాయిన బెల్లం పంచిండు. నడుమల తొయ్యాలని మా అయ్యనే చెప్పిండు నాకు. నీ పుస్తకంల చూడు, కోస పేరుంటది."

శ్రీరంగం చూశాడు. కొన్నవాళ్ళ పేర్లున్నాయి. నడిపినవాడి పేరుంది. 1953లో అందులో ఎక్కి అర మైలు వెళ్ళిన ఒక దొరగారి పేరు కూడా ఉంది. తోసినవాళ్ళ పేర్లు లేవు.

బుల్లమ్మ తర్వాత ఇంకో నలుగురు వచ్చారు. ఆ తర్వాత ఏడుగురు. మా తాత తోసిండు, మా పెదనాయిన వాగుల నుంచి ఎత్తిండు, మా అవ్వ చక్రాల కింద కొమ్మలు పరిచింది. అబద్ధమని అనడానికి శ్రీరంగానికి నోరు రాలేదు. ఆ రోజుల్లో ఆ దారిలో కారు తనంతట తాను ఎంత దూరం నడిచి ఉంటుందో అతనికి తెలుసు. పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు, నలభై మూడు అయ్యాయి. ఖాన్‌ఖోజేకు వివరంగా ఉత్తరం రాశాడు: రిజిస్టరులో 'తోసినవారు' అని ఒక గడి చేర్చండి అని.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆత్మీయమైన ఉత్తరం. కమిటీ కూర్చుని చర్చించింది. ప్రతిపాదన అందరికీ నచ్చింది. ఇరవై మూడో గడిగా 'తోసినవారు' చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. చివర ఒక చిన్న షరతు: ప్రతి పేరుకూ, సదరు వ్యక్తి సదరు కారును తోసినట్టు ఆనాటి రాతపూర్వకమైన ఆధారం జతపరచవలెను.

శ్రీరంగం ఆ ఉత్తరాన్ని బుల్లమ్మకు తెలుగులో చదివి వినిపించాడు. ఆమె అరుగు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఓపికగా విన్నది.

"ఏం కావాల్నంట ఆయనకు?"

"తోసినట్టు కాగితం కావాల్నంట, అవ్వా."

బుల్లమ్మ కొట్టం వైపు చూసింది. ఆస్టిన్ కడిగిన ముఖంతో ఎండలో నిలబడి ఉంది.

"బండి ఈడ్నే ఉన్నది గద" అంది. "తొయ్యకుంటె ఈడిదాక ఎట్ల వచ్చింది?"

శ్రీరంగం కలం తీసుకుని, నలభై మూడు పేర్లూ వరసగా రాసి, ఆధారం అన్న గడిలో ఆమె అన్న మాటను అన్నట్టే, తెలుగులోనే రాసి, నాగపూర్ పంపాడు.

కమిటీ పరిశీలిస్తోంది.